సూదిమొనకు పిన్ని కాపలా

పిన్నిది సగం దుకాణం. మిగతా సగం ఆమె భర్తది. ముందు సగంలో ఆయన బట్టలు కుడతాడు, వెనక సగంలో ఈమె కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. మధ్యలో ఒక పరదా ఉంది. ఆ పరదా కాపురం మొదలైన ఏడాదే కట్టారు, ఇప్పటిదాకా ఒక్కసారీ పూర్తిగా వెయ్యలేదు. వేస్తే పోట్లాడుకోవడానికి వీలుండదు మరి.

బయట బోర్డు మీద 'పిన్ని మిషన్ రిపేరు' అని రాసి ఉంటుంది. వీధిలో పిల్లలు ఆమెను పిన్ని అనేవాళ్ళు. వాళ్ళను చూసి తల్లులు, తల్లులను చూసి తండ్రులు అనడం మొదలుపెట్టారు. చివరికి ఆమె సొంత భర్త కూడా ఒకనాడు పరాకున "పిన్నీ, ఆ కత్తెర ఇటివ్వు" అనేశాడు. ఆ పూట ఆయనకు కత్తెర దొరకలేదు, అన్నమూ దొరకలేదు.

ఈ రిపేర్ల మనుషులు ఒక జాతి. మనం ఎవరింటికైనా వెళితే కుర్చీ చూపించగానే కూర్చుంటాం. పిన్ని కూర్చోదు. ముందు కుర్చీని ఊపి చూస్తుంది. ఊగిందా, ఆ ఇంటివాళ్ళ క్షేమసమాచారాలు ఇక ఆమె చెవికెక్కవు. తలుపు కిర్రుమంటే ఆమెకు నిద్ర పట్టదు, కుళాయి కారుతుంటే మాట సాగదు. బాగా నడిచే వస్తువు ఆమె కంటికి ఆనదు. చెడిపోయిందని చెప్పండి, అప్పుడు చూడండి ఆ కళ్ళలో వెలుగు!

అలాంటి మనిషికి భర్త, పరదా, పనిముట్లు కాక ఇంకొక ఆస్తి ఉండేది. దాని పేరు సూదిమొన. అది ఒక మెయిళ్ళ గ్రూపు. ఇంటర్నెట్టు ఇంకా టెలిఫోను తీగలోంచి కూతలు పెట్టుకుంటూ వచ్చే రోజులవి. గ్రూపుకు ఒక చిరునామా ఉంటుంది. దానికి ఒక ఉత్తరం రాస్తే చాలు, సభ్యులందరి మెయిలు డబ్బాల్లోనూ వెళ్ళి పడుతుంది. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో ఉన్న కుట్టుమిషన్ల రిపేరు వాళ్ళు, వందల మంది, అందులో సభ్యులు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. కానీ ఎవరి షటిల్ ఎక్కడ పట్టేసిందో, ఎవరి బాబిన్ దారం ఎందుకు తెంపుతోందో అందరికీ తెలుసు.

పిన్నికి పని నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. సగం పని మిషన్లు విప్పి నేర్చుకుంది, మిగతా సగం సూదిమొన నేర్పింది. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే వింతగా చూసిన వీధిలో, ఆమె మొదటి ప్రశ్నకు ఎవరూ వింతపడకుండా జవాబిచ్చింది ఆ గ్రూపే. దాన్ని మొదలుపెట్టినాయన తప్పుకుంటానన్నప్పుడు "నేను చూసుకుంటా" అని ముందుకొచ్చింది పిన్నే. అప్పటినుంచి అది ఆమెకు పుట్టిల్లులాంటిది. పొద్దున లేచి పళ్ళు తోముకోకముందే సూదిమొన చూసుకోవాలి, లేకపోతే ఆ రోజు తెల్లవారినట్టు కాదు.

అయితే ఆ పుట్టిల్లు అద్దె కొంప. ఆమె మరిది, అంటే టైలరుగారి తమ్ముడు, ఒక కాలేజీలో కంప్యూటర్ల బాధ్యత చూసేవాడు. అక్కడి సర్వర్లో ఓ మూల, ప్రిన్సిపాల్ గారి దయవల్ల, సూదిమొన కాపురముండేది. అదే సర్వర్లో విద్యార్థుల పరీక్షా ఫలితాలు కూడా పెట్టేవారు. కథంతా ఇక్కడే ఉంది.

గ్రూపులో ఒక అలవాటుండేది. ఏ ముక్క విరిగినా దాన్ని ఫోటో తీసి, 'దీన్ని ఒకసారి చూడండి' అని రాసి, ఉత్తరానికి తగిలించి పంపేవారు. ఒకనాడు నూనె తాతయ్య పేరుతో ఉత్తరం వచ్చింది. ఈ తాతయ్య గ్రూపులో అందరికంటే పెద్దవాడు. ఏ మిషనుకు ఏ జబ్బు చేసినా ఆయన చెప్పే మందు ఒక్కటే, "రెండు చుక్కలు నూనె వెయ్యండి". అందుకే ఆ పేరు. ఉత్తరంలో 'దీన్ని ఒకసారి చూడండి' అని ఉంది, కింద ఒక ఫైలు వేలాడుతోంది. పాపం తాతయ్యకు ఏం విరిగిందో అని అందరూ తెరిచారు. ఏమీ విరగలేదు. అది వైరస్. తెరిచిన ప్రతివాడి కంప్యూటర్లోనూ దూరి, ఆ కంప్యూటర్లో ఉన్న చిరునామాలన్నిటికీ, వాడి పేరుతోనే, మళ్ళీ అదే ఉత్తరం రాసింది. అందరి డబ్బాల్లోనూ సూదిమొన చిరునామా ఉంది కదా. ఒక్కొక్కరు సూదిమొనకు రాయడం, సూదిమొన అందరికీ పంపడం, ఆ అందరూ మళ్ళీ సూదిమొనకు రాయడం! ఒకరికి తుమ్మొస్తే ఇంటిల్లిపాదికీ జలుబు చేసినట్టయింది. మధ్యాహ్నానికి కాలేజీ సర్వర్ చేతులెత్తేసింది.

ఆ రోజే పరీక్షా ఫలితాలు.

పిల్లలు, పిల్లల తల్లిదండ్రులు, పాసయ్యారో తప్పారో తెలియక కాలేజీ గేటు దగ్గర గుమిగూడి గోల. ప్రిన్సిపాల్ గారు మరిదిని పిలిచి మెత్తగా అడిగారట. "పిల్లల ఫలితాలు ఆగిపోయింది కుట్టుమిషన్ల వల్లనా?" మరిది అవునన్నాడు. "ఇంకొక్కసారి ఆ గ్రూపు వల్ల మన సర్వర్ ఆగిందనుకో, మరు నిమిషంలో దాన్ని తీసి పారేస్తాను. నన్ను మళ్ళీ అడగొద్దు."

మరిది వచ్చి ఈ మాట చెప్పినప్పుడు పిన్ని చేతిలో దారపుచుట్ట పెట్టే బాబిన్ కేసు ఒకటి ఉంది. అది జారి కిందపడి, దొర్లుకుంటూ పరదా దాటి వెళ్ళి టైలరుగారి కాలి దగ్గర ఆగింది. ఆమె వంగి తీసుకోలేదు. అప్పుడు తెలిసింది ఆయనకు, సంగతి చిన్నది కాదని.

"పోనీలే, ఇంకో చోట పెట్టుకోవచ్చుగా?" అన్నాడు టైలరు.

"ఎక్కడ పెడతానండీ? ఉచితంగా ఎవరిస్తారు? సూదిమొన పోతే అందరూ తలోదారి. మళ్ళీ వాళ్ళని ఎక్కడ వెతికి పోగేస్తాను?" అంది పిన్ని.  అలా బేలగా అన్నందుకు ఆమెకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే వదినా మరుదులు కూర్చుని కాపలా ఏర్పాట్లు చేశారు.

మొదటిది గేటు. ఇకమీదట ఏ ఉత్తరమూ నేరుగా గ్రూపులోకి పోదు. గేటు దగ్గర ఆగుతుంది. పిన్ని చదివి, సరేనంటేనే అందరికీ వెళుతుంది. రెండోది కత్తెర. ఉత్తరం చివర ఏం వేలాడినా సరే, ఫోటో అయినా, ఫైలు అయినా, సర్వరే కత్తిరించి పారేస్తుంది. ఒట్టి అక్షరాలు మాత్రమే లోపలికి. "కత్తిరించడం మా వంశంలోనే ఉంది" అని టైలరు మురిసిపోయాడు.

"వదినా, నీ ఉత్తరాలకి కూడా గేటూ కత్తెరా పెట్టేస్తున్నా" అన్నాడు మరిది, కీబోర్డు మీదనుంచి తలెత్తకుండానే.

"నాకెందుకయ్యా? నెలకోసారి మిషను బొమ్మ గీసి పంపేది నేనేగా? అయినా సొంతింట్లోకి ఎవరైనా బెల్లు కొట్టి వస్తారా?"

"నేను కొట్టి వస్తున్నానుగా, పెళ్ళయినప్పటినుంచీ" అన్నాడు పరదా అవతలనుంచి టైలరు.

మరిది ఇంకోసారి నసిగాడు. వదిన చూసిన చూపుకు ఊరుకున్నాడు. అలా సూదిమొన మొత్తంలో గేటు లేని మనిషి ఒక్క పిన్ని మిగిలింది.

కొత్త నిబంధనలు చెబుతూ పిన్ని గ్రూపుకు రాసిన ఉత్తరం మూడు పేజీలు. అందులో నిబంధనలు అరపేజీ, మిగతాదంతా తిట్లు. బూతులు కావు లెండి, కన్నతల్లి తిట్టే తిట్లు. 'కళ్ళు నెత్తిమీద పెట్టుకుని తెరిచారా? ఎవరు ఏది ఇస్తే అది నోట్లో వేసుకునే చంటిపిల్లలా మీరు? తాతయ్యా, మీ కంప్యూటర్లో కూడా నూనె పోశారా ఏమిటి?' ఇలా సాగింది. ఆమె రాత ఎప్పుడూ అంతే. అభిమానం ఎంత పొంగితే తిట్లు అంత జోరుగా వస్తాయి.

సభ్యులు లబోదిబోమన్నారు. ఫోటో లేకుండా విరిగిన స్ప్రింగును ఎలా చూపించాలి? "నోటితో చెప్పండి, దేవుడు నోరిచ్చింది దానికే" అని పిన్ని జవాబు. ఇక మొదలైంది చూడండి! మొదట్లో 'అదేదో అక్కడ ఇలా అయింది' లాంటి ఉత్తరాలు వచ్చాయి. పిన్ని గేటు దగ్గరే ఆపి, 'ఏది? ఎక్కడ? ఎలా? మళ్ళీ రాయి' అని వెనక్కి కొట్టింది. నెమ్మదిగా జనానికి రాయడం అబ్బింది. ఒకాయన తన మిషను చప్పుడు గురించి, 'మా మామగారు నిద్రలో పళ్ళు కొరుకుతారే, సరిగ్గా అలా, కాకపోతే మామగారు మధ్యలో ఆగుతారు, ఇది ఆగదు' అని రాశాడు. చదవగానే అందరికీ అర్థమైంది, కింద పళ్ళచక్రం అరిగిందని. ఇంకొకామె, 'పెడల్ తొక్కితే చక్రం కదలడానికి ముందు కాసేపు ఆలోచిస్తోంది, మా ఆయన్ని పని చెప్పినప్పటిలాగా' అంది. బెల్టు వదులైందని పది జవాబులు వచ్చాయి. ఆయనకేం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. పిన్ని గేటు దగ్గర కూర్చుని వీటిని అందరికంటే ముందు చదివేది, ఒక్కతే పగలబడి నవ్వుకునేది. పరదా అవతల టైలరుకు అసూయగా ఉండేది.

ఇంత బాగా సాగుతున్న సంసారంలో రెండో వైరస్ వచ్చింది. ఇది మొదటిదానికంటే గడుసుది. గ్రూపు గేటు దగ్గర కత్తెరకు చిక్కి చస్తోంది కానీ, సభ్యుల సొంత డబ్బాల్లోకి పక్కదారిన వెళ్ళిపోతోంది. సరే, హెచ్చరిద్దామని పిన్ని ఒక ఉత్తరం రాసింది. మంచి మనసుతోనే రాసింది. 'మీ డబ్బాల్లోకి ఒక ఫైలు వస్తుంది. అది చెడిపోయిన ఫైలు. నొక్కితే తెరుచుకోదు. ఎవరూ ముట్టుకోవద్దు!'

ఎవరికి రాసిందీ ఉత్తరం? చెడిపోయినదంటే చెవులు రిక్కించే జాతికి! ఎలుకల సభలో నిలబడి, అలమరలో జున్నుంది, ఎవరూ వెళ్ళకండి అన్నట్టయింది.

సాయంత్రంలోగా జవాబులు. 'పిన్నీ, ఆ చెడిపోయిన ఫైలు నాకింకా రాలేదు. ఉంటే ఒకటి పంపు, చూస్తా.' 'నాకొచ్చింది, నొక్కాను, నిజమే, తెరుచుకోలేదు. గట్టిగా నొక్కాను. ఇప్పుడు కంప్యూటర్ కూడా తెరుచుకోవడం లేదు. రెండూ బాగుచేస్తున్నా.' ఒకాయన కంప్యూటర్ని తిరగేసి, అడుగు బిళ్ళ విప్పి, లోపల బ్రష్‌తో దుమ్ము దులిపాడట. నూనె తాతయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. కీబోర్డులో ప్రతి మీటకూ రెండేసి చుక్కలు వేశాడు. 'మీటలు వెన్నలా దిగుతున్నాయి, ఫైలు మాత్రం అలాగే ఉంది' అని వేరే కంప్యూటర్ నుంచి రాశాడు.

పిన్ని తల పట్టుకుంది. "ఏం మనుషులండీ వీళ్ళు! ముట్టుకోవద్దు అంటే ముట్టుకుంటారేమిటి! చెడిపోయిన వస్తువు కనిపిస్తే చాలు, చేతులు ఊరుకోవా?" అని మొగుడితో వాపోయింది. అలా అంటూనే, ఊగుతున్న ఆయన స్టూలు కాలి కింద అట్టముక్క మడిచి పెట్టింది.

దెబ్బ తిన్న కంప్యూటర్లన్నీ కలిసి సూదిమొన మీద దాడి మొదలుపెట్టాయి. గేటు దగ్గర ఉత్తరాలు కుప్పలు. అన్నీ తెలిసిన పేర్లే, అన్నీ దొంగ ఉత్తరాలే. వాటి మధ్యలోంచి అసలు ఉత్తరాలను బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుకోవలసి వచ్చింది. రెండు రోజులు ఏరింది. మూడో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, పిన్నికి ఒక ఆలోచన వచ్చింది. ఇలాంటి ఆలోచనలు భోజనాలయ్యాకే వస్తాయి.

తన సొంత డబ్బాలో ఆ ఫైలు ఒకటి పడి ఉంది. నూనె తాతయ్య పేరుతో.

"ఏవండీ, దీని లోపల ఏముందో చూస్తే, దీన్ని ఆపే ఉపాయం దొరుకుతుందేమో?"

టైలరు ఒక గౌనుకు అంచు మడిచి గుండుసూదులు గుచ్చుతున్నాడు. టైలర్లు గుండుసూదులు ఎక్కడ పెట్టుకుంటారు? పెదాల మధ్య. నోరు తెరిస్తే నాలుగైదు మింగుతాడు. "ఊఁ! ఊఁహూఁ! ఊఁ ఊఁ ఊఁ!" అన్నాడు, కళ్ళు పెద్దవి చేసి, తల అడ్డంగా ఊపుతూ.

"అవును కదా? నేనూ అదే అంటున్నా" అంది పిన్ని, స్క్రీను మీదనుంచి చూపు తిప్పకుండా. "విప్పి చూడకుండా రిపేరెలా చేస్తాం?"

"ఊఁ హూఁ హూఁ!"

"ఒక్కసారి, పైపైన."

నొక్కింది.

ఏమీ కాలేదు. తెర మీద ఒక పిట్ట కూడా ఎగరలేదు. "ఇంతేనా? దీనికా ఇంత భయపడింది?" అని పెదవి విరిచి, లేచి వెళ్ళి ఒక మిషను మూత విప్పింది. టైలరు ఒక్కొక్క గుండుసూదీ నోట్లోంచి తీసి మెత్తలో గుచ్చుకుని, ఆఖరిది గుచ్చాక గాలి పీల్చుకుని, "నొక్కొద్దు అన్నానే!" అన్నాడు.

అప్పుడే బల్ల మీద సెల్‌ఫోను మోగింది. మరిది.

"వదినా, ఇప్పుడే గ్రూపుకి ఏదైనా పంపావా?"

"లేదే."

"నీ పేరుతో అందరికీ వెళ్ళింది. కింద ఫైలు ఉంది. నీకు గేటు లేదుగా వదినా, కత్తెరా లేదు. అందరికీ వెళ్ళిపోయింది."

 కంచే చేను మేసింది. పైగా ఇది ఎవరో తాతయ్య పేరుతో వచ్చిన ఉత్తరం కాదు. పిన్ని పంపిందంటే ఎవరు మాత్రం అనుమానిస్తారు? కళ్ళకద్దుకుని తెరుస్తారు.

"ఇవాళే ఈ విడత ఫలితాలు పెట్టారు వదినా" అన్నాడు మరిది, చిన్నగా. "సగం మంది తెరిచినా సర్వర్ కూర్చుంటుంది. ముందు నీ కంప్యూటర్ తీగ పీకెయ్యి, ఇంకా పంపుతూనే ఉంటుంది!"

పిన్ని ఒక్క గెంతు గెంతి తీగ పీకింది. పరదా అవతల టైలరుగారి ఇస్త్రీపెట్టె ఆరిపోయింది. ఇంకొకటి పీకింది. ఆయన మిషను దీపం పోయింది. "నా తీగలొదిలెయ్యవే తల్లీ!" అని ఆయన అరుస్తుండగా మూడో తీగ పీకింది, కంప్యూటర్ నల్లబడింది. కానీ వెళ్ళవలసినది వెళ్ళిపోయింది. ఇప్పుడు వద్దని ఉత్తరం రాసినా అది దీని వెనకే చేరుతుంది. ఫోను చేద్దామంటే అందరి ఫోను నంబర్లు ఎక్కడున్నాయి?

టైలరు స్కూటరు తీశాడు. గౌను కొలిచిన టేపు మెడలోనే ఉంది. పిన్ని వెనక కూర్చుంది, చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్న సంగతి కూడా ఆమెకు తెలియదు. దారి పొడవునా ఒకటే మాట. "పోయిందండీ. నా చేతులతో నేనే పోగొట్టుకున్నానండీ. వాళ్ళని అన్నన్ని మాటలన్నాను, నేనేం చేశాను?" టైలరుకు అనడానికి వెయ్యి ఉన్నాయి. ఒక్కటీ అనకుండా స్కూటరు మాత్రం తన జీవితంలో ఎన్నడూ తోలనంత వేగంగా తోలాడు. అది కూడా ప్రేమే, ఆ మనిషి ప్రేమ అలాగే ఉంటుంది.

కాలేజీలో మరిది గదికి వెళ్ళేసరికి అతను సర్వర్ ముందు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. బయట వరండాలో పిల్లలు ఫలితాలు చూపించే కంప్యూటర్ చుట్టూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. ప్రిన్సిపాల్ గారు ఆ గుంపు మధ్యలో అటూ ఇటూ తిరుగుతున్నారు. పిన్ని ఒక స్టూలు మీద కూలబడింది. ఆ స్టూలు ఊగింది. ఆమె పట్టించుకోలేదు. అది చూసి టైలరుకు భయం వేసింది.

"ఏమన్నా వస్తున్నాయా?" అంది.

"వస్తున్నాయి" అన్నాడు మరిది. "గేటు దగ్గర ఆగుతున్నాయి. ఉండు, మొదటిది తెరుస్తున్నా... దీనికి ఫైలు లేదు. ఉత్తరమే." చదవడం మొదలుపెట్టాడు. 'పిన్నీ, నీ పేరుతో ఏదో వచ్చింది. నీ కంప్యూటర్‌కి ఒంట్లో బాగున్నట్టు లేదు. నేను తెరవలేదు.'

ఇంకొకటి. 'పిన్నీ, ఎవడో నీ వేషం వేశాడు. "ప్రియమైన మిత్రులారా" అని మొదలుపెట్టాడు. నువ్వెప్పుడు మమ్మల్ని ప్రియమైన మిత్రులారా అన్నావు? నాకు నవ్వాగలేదు.'

ఇంకొకటి. 'ఒక్క తిట్టు లేకుండా పిన్ని ఉత్తరమా? చెవిలో పువ్వులు పెట్టుకున్నామా మేము?'

ఇంకొకటి, తన మిషను బెల్టు గురించి రాసినామె. 'ఇందులో రెండే ముక్కలున్నాయి. పిన్ని రెండు ముక్కల్లో ఆపడం నేను పుట్టి ఎరగను. మా ఆయన తెరవబోతే చెయ్యి మీద ఒకటి కొట్టాను.'

ఆగకుండా వస్తూనే ఉన్నాయి. తెరలో పైనుంచి కిందికి వరుస. పాత దొంగ ఉత్తరాల కుప్పను పక్కకు నెడితే, కొత్తగా వచ్చినవాటిలో ఒక్కదానికీ ఫైలు లేదు, అన్నీ ఒట్టి అక్షరాలే. మామగారి పళ్ళ చప్పుడు పెద్దమనిషి మాత్రం అందరికంటే నిజం చెప్పాడు. 'చాలా బాగుంటుంది, చూసి ఆనందించండి అని ఉంది. బాగున్నదాంతో మనకేం పని? చెడిపోయిందని రాసి ఉంటే మాత్రం ఏం చేసేవాడినో చెప్పలేను.'

సర్వర్ చల్లగా, నిబ్బరంగా నడుస్తూనే ఉంది. వరండాలో ఎవరో పిల్ల "పాసయ్యా!" అని కేక పెట్టింది.

పిన్ని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. కన్నవాళ్ళు కాదు, తోడబుట్టినవాళ్ళు కాదు. ఒక్కరూ ఆమె మొహం చూడలేదు, గొంతు వినలేదు. అయినా తన పేరు రాసుకుని వచ్చిన దొంగను రెండు ముక్కల్లో పట్టేశారు. ఆమెను అంత బాగా ఎరిగినవాళ్ళు ఈ లోకంలో ఉన్నారని ఆమెకే ఆ రోజుదాకా తెలియదు. టైలరు మెడలోని టేపు తీసి ఇచ్చాడు. దానితో కళ్ళు తుడుచుకోవడం కుదరదని ఇద్దరికీ కాసేపటికి గాని తట్టలేదు.

మరిది దాచలేదు. ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన సర్వర్ వైపు చూశారు, తరువాత ఏడుస్తూ నవ్వుతున్న ఆడమనిషి వైపు, ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ వైపు చూశారు. "సర్వర్ ఆగలేదుగా? అయితే నా మాట ప్రకారం గ్రూపు ఉంటుంది. కానీ కాపలా వాళ్ళమీద కూడా ఒక కాపలా పెట్టండి. ఈ పూటే."

"పెట్టెయ్యి" అంది పిన్ని, మరిది అడగక ముందే. "నాకు గేటు. నాకు కత్తెర. బొమ్మలు కూడా నోటితోనే చెబుతా."

"మరి నీ గేటు దగ్గర ఎవరుండాలి వదినా?"

ఆమె ఆలోచించింది. తనకు మొహమాటపడని మనిషి కావాలి. తొందరపడని మనిషి, అన్నిటికంటే ముఖ్యం, వైరస్ చేతిలో ఒకటికి రెండుసార్లు దెబ్బతిని బుద్ధి తెచ్చుకున్న మనిషి కావాలి. అలాంటి వాడు సూదిమొనలో ఒక్కడే ఉన్నాడు. నూనె తాతయ్యకు కబురు వెళ్ళింది. ఆయన తన కీబోర్డును రాత్రంతా తిరగేసి ఆరబెట్టి, పదవి స్వీకరించాడు.

మరునాడు పొద్దున, మరిది శుభ్రం చేసి ఇచ్చిన కంప్యూటర్ ముందు పిన్ని కూర్చుంది. అందరికీ క్షమాపణ చెప్పాలి. ఇలాంటివి ఎలా రాయాలో ఆమెకు చేతకాదు. రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. ఎంత రాసినా తిట్లలోకే వెళ్ళిపోతోంది. ఈసారి తిట్టే అర్హత తనకు లేదనిపించింది. చివరికి అన్నీ తీసేసి రెండు వాక్యాలు మిగిల్చింది. 'తప్పు నాదే. అందరూ నన్ను క్షమించండి.' పంపింది. ఉత్తరం గేటు దగ్గర ఆగింది.

ఎదురుచూసింది. ఇన్నాళ్ళూ వందల మందిని ఆ గేటు దగ్గర నిలబెట్టింది తనే. నిలబడితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఒక మిషను విప్పింది, బిగించింది. వచ్చి చూసింది. ఏమీ లేదు. ఇంకొకటి విప్పింది.

మధ్యాహ్నం తాతయ్య దగ్గరనుంచి ఆమె ఒక్కదానికే జవాబు వచ్చింది. పిన్ని పైకి చదివింది. 'అమ్మా పిన్నీ, జాగ్రత్త. ఇవాళ మళ్ళీ ఎవడో నీ పేరుతో వచ్చాడు. రెండే వాక్యాలు. ఒక్క తిట్టు లేదు. పైగా క్షమాపణట! చూడగానే వైరస్ అని పట్టేశాను. అందరికీ వెళ్ళకుండా తీసి పారేశాను. నీ కంప్యూటర్ మళ్ళీ ఒకసారి చూపించుకో. కుదిరితే రెండు చుక్కలు నూనె వెయ్యి.'

పరదా అవతల టైలరు పడీపడీ నవ్వాడు. నోట్లో గుండుసూదులు లేకపోవడం ఆయన అదృష్టం.

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. చీర కొంగు నడుముకు బిగించి కూర్చుంది. 'ఓ ముసలాయనా! కళ్ళజోడు ఎక్కడ పెట్టావు? కీబోర్డులో పోసిన నూనెలో కొంచెం నీ బుర్రలో పోసుకుంటే పోయేదిగా!' అని మొదలుపెట్టింది. ఇక చెయ్యి ఆగలేదు. తాతయ్యను తిట్టింది, కంప్యూటర్ తిరగేసినాయనను తిట్టింది, మామగారి పళ్ళ గురించి ఊరందరికీ చాటినందుకు ఆ అల్లుణ్ణి తిట్టింది. చివరికి తన్ను తాను కూడా వరసలో నిలబెట్టి ఉతికి ఆరేసింది. మూడు పేజీలైంది. మూడో పేజీ అడుగున, తిట్లు అయిపోయి ఊపిరి తీసుకున్న చోట, ఒక చిన్న వాక్యం దొర్లింది. 'మీరంతా లేకపోతే నాకెవరూ లేరు.'

ఈసారి గేటు వెంటనే తెరుచుకుంది. 'ఇదీ మా పిన్ని' అని తాతయ్య పైన ఒక ముక్క కూడా జతచేశాడు.

సాయంత్రంలోగా వందల జవాబులు వచ్చాయి. ఆ మూడు పేజీల్లో ఎవరిని ఎంత తిట్టిందో ఒక్కరూ పట్టించుకోలేదు. అందరూ ఆ చివరి వాక్యానికే జవాబు రాశారు.